కండలున్నవాళ్ళకి బీఎంఐ పనికొస్తుందా? ముందు టేపు తీయండి

"ఏళ్ళుగా వెయిట్స్ చేస్తున్నాను, బీఎంఐ 27 చూపిస్తోంది, నేను నిజంగా అధిక బరువు ఉన్నట్టేనా?" అని అడిగారు. ఆ 27 ఒక్కటే చూసి మీకు పట్టింది కండో కొవ్వో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. బీఎంఐ అంటే బాడీ మాస్ ఇండెక్స్. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తారు, అంతకు మించి అందులో ఏమీ లేదు. అందుకే కండలున్నవాళ్ళ విషయంలో అది తప్పుతుందన్న మాట నిజమే. కానీ నా గొడవ అది కాదు, అక్కడికి వస్తాను.

నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బీఎంఐ 28.4. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. అంటే నేను ఊబకాయం గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నానన్నమాట. నడుము మాత్రం 83 సెంటీమీటర్లు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ ఏళ్ళ తరబడి చేసినవాడిని, తొడలు, వీపు ఊరికే వచ్చినవి కావు.

ఆమధ్య ఇన్సూరెన్స్ పాలసీ కోసం మెడికల్ టెస్టుకి పిలిచారు. తోడుగా మా బావమరిది వచ్చాడు. అక్కడున్న కుర్రాడు నన్ను మిషన్ ఎక్కించి, ఎత్తు కొలిచి, రెండు అంకెలూ కంప్యూటర్‌లో కొట్టాడు. స్క్రీన్ మీద నారింజ రంగు పట్టీ వచ్చింది. "ఓవర్‌వెయిట్ సార్" అన్నాడు. ఒకసారి నా భుజాల వైపు చూశాడు, ఇంకోసారి స్క్రీన్ వైపు చూశాడు, స్క్రీన్‌నే నమ్మాడు.

"బాబూ, నడుము కూడా కొలిచి రాసుకో" అన్నాను.

"అందులో ఆ కాలమ్ లేదు సార్."

"పోనీ రిమార్క్స్‌లో రాయి."

"రిమార్క్స్ మేడమ్ రాయాలి సార్. మేడమ్ లంచ్‌కి వెళ్ళారు."

ఈలోగా మా బావమరిది సరదాకి తనూ మిషన్ ఎక్కాడు. 170 సెంటీమీటర్లు, 66 కిలోలు, బీఎంఐ 22.8. ఆకుపచ్చ పట్టీ. "నార్మల్ సార్, సూపర్" అన్నాడు కుర్రాడు. మావాడి ఆనందం చూడాలి! "చూశావా బావా, జిమ్ముకి డబ్బు తగలేసి నువ్వు ఆరెంజ్, సోఫాలో కూర్చుని నేను గ్రీన్" అని దారి పొడుగునా ఒకటే పాట. మనిషి సన్నమే. చేతులు, కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. పొట్ట మాత్రం చొక్కా గుండీల మధ్య నుంచి తొంగిచూస్తుంది. ఇంటికి రాగానే టేపు పెట్టి కొలిచాను, 93. ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కుంటే ఒప్పుకోలేదు లెండి. తర్వాత వేరే పనిమీద రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, షుగర్ జబ్బుకి ముందు మెట్టు. ఇప్పటికీ "మిషన్ గ్రీన్ చూపించింది కదా" అంటాడు.

నాకు మాత్రం ప్రీమియం మీద లోడింగ్ అని అదనపు డబ్బు వేశారు. ఎందుకని ఫోన్ చేస్తే "సిస్టమ్ క్యాలిక్యులేట్ చేస్తుంది సార్" అన్నారు. ఈ సిస్టమ్ అనే ఆయన్ని ఒక్కసారి కలవాలని ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ: బీఎంఐ కండలవాడిని తప్పుగా పట్టుకుంటే వాడికి చిరాకు, కాస్త డబ్బు నష్టం. సన్నగా ఉండి పొట్ట ఉన్నవాడిని వదిలేస్తే వాడి ఆరోగ్యమే పోతుంది. రెండో తప్పే ఎక్కువ జరుగుతోంది. 2008లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, శరీరంలో కొవ్వు మితిమీరిన మగవాళ్ళలో బీఎంఐ 30 అనే గీత పట్టుకున్నది 36 శాతం మందినే. ఆడవాళ్ళలో 49 శాతం. మిగతావాళ్ళంతా మా బావమరిదిలా గీత కింద నుంచి దర్జాగా నడిచిపోయారు. అదే 30 దాటిన మగవాళ్ళలో కొవ్వు మితిమీరకుండానే దొరికిపోయినవాళ్ళు తక్కువే. 2004లో యాజ్ఞిక్, యుడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఫోటో దిగి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒకరి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, ఇంకొకరికి 21.2 శాతం. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అసలు ఈ సూత్రం పుట్టిందే డాక్టర్ల కోసం కాదు. 1830లలో బెల్జియంలో క్వెట్లె అనే ఖగోళ, గణాంక శాస్త్రవేత్త 'సగటు మనిషి' ఎలా ఉంటాడో లెక్క కడుతూ దీన్ని తీశాడు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం బీఎంఐ అని పేరు పెట్టింది. గుంపుల లెక్కకి బాగానే ఉంటుంది. పైగా అధిక బరువు గీత కూడా మనుషులు గీసిందే. 1998లో అమెరికాలో మగవాళ్ళకి 27.8, ఆడవాళ్ళకి 27.3 దగ్గరున్న ఆ గీతను 25కి దించితే, ఒక్క గ్రాము పెరగకుండానే కోట్ల మంది రాత్రికి రాత్రి అధిక బరువు వాళ్ళయ్యారు.

అలాగని జిమ్ముల్లో వినపడే "అన్నా, ఇదంతా మజిల్" డైలాగ్ నమ్మకండి. బల్ల మీద పొట్ట ఆనించి కూర్చుని ఆ మాట అనేవాళ్ళని బోలెడంత మందిని చూశాను. రగ్బీ ఫార్వర్డ్‌లు, బాడీబిల్డర్లు, షాట్‌పుట్ వేసేవాళ్ళు, వీళ్ళది నిజమైన మినహాయింపు. ఆర్నెల్లు డంబెల్స్ ఎత్తినంత మాత్రాన ఎవరూ ఆ జాబితాలో చేరరు. ఇంట్లో కాళ్ళు పెడితే కొవ్వు శాతం చెప్పే మిషన్లు కూడా నాకు నచ్చవు. అవి ఒంట్లోకి సన్నగా కరెంట్ పంపి అంచనా వేస్తాయి, ఒంట్లో నీళ్ళ మోతాదు మారితే అంకె మారిపోతుంది. కచ్చితంగా కావాలంటే, ఎక్స్‌రేతో కొవ్వునీ కండనీ విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోవచ్చు, కానీ మీ ప్రశ్నకి అంత ఖర్చు అక్కర్లేదు.

టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోకండి, చాలామంది ప్యాంటు పొట్ట కిందికి దిగే ఉంటుంది. ఎత్తులో సగం కంటే నడుము తక్కువుంటే మీ 27 గురించి టెన్షన్ వద్దు. సగం దాటితే మీ కండలు మీకు ఉన్నా సరే, పొట్టలోని కొవ్వు దాని పని అది చేస్తుంది. ఎలాగూ లేచారు కాబట్టి బీపీ, షుగర్ కూడా చూపించుకోండి. మళ్ళీ అడిగేటప్పుడు ఎత్తు, నడుము రాయండి. బైసెప్స్ కొలత మాకొద్దు.