పక్కోడు రేటు తగ్గించాడని భయపడుతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశా. కొత్తగా ప్రెస్ పెట్టిన ఎవరికైనా వచ్చే భయమే నీకూ వచ్చింది, పక్కోడు రేటు తగ్గించాడు నేనూ తగ్గించాలా అని. ఇన్నేళ్ళు ఈ ప్రింటింగ్ లైన్లో ఉన్నా కదా, నాకు తెలిసింది చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు నీ ఖర్చు లెక్కేసుకో. పేపరు, ఇంకు, ప్లేట్లు, కరెంటు, జీతాలు, మెషీన్ అరుగుదల అన్నీ కలిపి ఎంత పడుతుందో తెలీకుండా రేటు చెప్పొద్దు. నేను ఒకసారి ఇంకో ప్రెస్సాయనతో పంతానికి పోయా, ఆయన తగ్గిస్తే నేను, నేను తగ్గిస్తే ఆయన, మెషీన్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది, ఆర్డర్లకి కొదవే లేదు, తీరా ఏడాది ఆఖర్న చూసుకుంటే ఇద్దరికీ పేపర్ వాళ్ళ బాకీలే మిగిలాయి. సరుకు అచ్చం ఒకేలా ఉండి ధర మీదే కొట్టుకుంటే అమ్మేవాళ్ళు ఇద్దరే ఉన్నా సరే ధర ఖర్చు దాకా దిగిపోతుందని బెర్‌ట్రాండ్ అనే ఫ్రెంచ్ గణితవేత్త 1883లోనే చూపించాడు. అందుకే నీ పని వాళ్ళ పనిలా లేకుండా చూసుకో. చెప్పిన రోజుకి డెలివరీ, రంగు తేడా రాకపోవడం, ప్రూఫ్ (ముందుగా తీసే శాంపిల్ అచ్చు) ఓకే చేయించకుండా మెషీన్ ఎక్కించకపోవడం, పోటీ ఇక్కడ పడు, గట్టిగా పడు.

ఇంకో విషయం. తెల్లారేసరికి ఇవ్వాల్సిన జాబ్ సగంలో ఉండగా మడతపడ్డ షీటు ఒకటి లోపలికెళ్ళి బ్లాంకెట్, అదే ప్లేటు మీది అచ్చుని కాగితం మీదికి దించే రబ్బరు షీటు, నలిగిపోయింది, ఆ చోట అచ్చు పడట్లేదు, నా దగ్గర స్పేర్ లేదు. ఆ రాత్రి నాకు బ్లాంకెట్ తెచ్చిచ్చింది ఎవరనుకున్నావ్, ఆ రేట్ల గొడవ పడ్డాయనే! నేను బిగిస్తుంటే టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆయన మెషీన్ ఆగినప్పుడు ఆయన జాబ్ నా మెషీన్ మీద లాగించా.

ఇలా ఒకరికొకరు సాయపడటం గురించే ఇంకోటి చెప్తా. 1980 ప్రాంతంలో రాబర్ట్ యాక్సెల్‌రాడ్ అనే అమెరికా ప్రొఫెసర్ కంప్యూటర్ ప్రోగ్రాములకి పోటీ పెట్టాడు. రెండేసి ప్రోగ్రాములు మళ్ళీ మళ్ళీ తలపడాలి, ప్రతిసారీ సహకరించాలా దెబ్బ తీయాలా తేల్చుకోవాలి. మొత్తం 14 వస్తే అన్నిటికంటే చిన్నది గెలిచింది, అనటోల్ రాపోపోర్ట్ పంపింది. ముందు మంచిగా ఉండు, తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్, అంతే దాని రూలు. రెండోసారి 62 వచ్చినా మళ్ళీ అదే గెలిచింది. నాకు బాగా నచ్చిందేంటంటే అది విడిగా ఏ ఒక్కరి మీదా ఎక్కువ పాయింట్లు తెచ్చుకోలేదు, ఎదుటివాణ్ణి ఓడించకుండానే మొత్తంలో ముందుంది. కాకపోతే మళ్ళీ కలుస్తాం అన్నచోటే ఇది పనిచేస్తుంది, అందుకే ఒక్కసారి వచ్చిపోయే పార్టీ దగ్గర అడ్వాన్స్ తీసుకో, ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకి కాస్త అప్పు పెట్టినా పర్లేదు.

ఒక్కటి మాత్రం అస్సలు వద్దు. అందరం కూర్చుని ఒకే రేటు ఫిక్స్ చేసుకుందాం అని ఎవరో ఒకరు వస్తారు, పోకు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్ళు కలిస్తే మాటలు చివరికి జనం మీద కుట్రకో ధరలు పెంచడానికో దారితీస్తాయని ఆడమ్ స్మిత్ అనే ఆర్థికవేత్త 1776లోనే రాశాడు. అది కస్టమర్ జేబు కొట్టడమే, చాలా దేశాల్లో నేరం కూడా. పైగా ఒప్పుకున్నవాళ్ళలోనే ఒకడు చాటుగా తక్కువకి ఇస్తాడు, పట్టుబడితే ముందు వెళ్ళి చెప్పినవాడికి శిక్ష మాఫీ చేసే రూల్స్ ఉన్నాయి, ఇంక ఎవరిని నమ్ముతావ్?

కలవాల్సింది వేరే చోట. యూఎస్‌బీ చూడు, 1996లో బయటికొచ్చింది, కస్టమర్ల కోసం కొట్టుకునే కంపెనీలే కూర్చుని ఒకే రకం ప్లగ్గు తయారుచేసుకున్నాయి, దాంతో ఎవరి కీబోర్డు అయినా ఎవరి కంప్యూటర్‌కైనా పెట్టుకోవచ్చు, అందరికీ మార్కెట్ పెరిగింది.

ఈ వారంలో ఆ పక్క ప్రెస్సాయన దగ్గరికి ఒకసారి వెళ్ళు తల్లీ. రేట్ల ఊసెత్తకు. మీ మెషీన్ ఆగితే నా దగ్గరికి రండి అని నువ్వే ముందు చెప్పు, ఆయన ఏమన్నాడో సాయంత్రం నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న