చీటీలో ‘టాక్సోకారియాసిస్’ అని రాశారు, మా దూడకు వచ్చిన జబ్బేమిటి?

సందేహం: మా ముర్రా గేదె ఈని నెలా పది రోజులైంది. దున్నదూడ మొదట్లో హుషారుగా ఉండేది. వారం పది రోజులుగా పొట్ట జారి, వెంట్రుకలు గరుకుబారి, సుద్దమట్టి రంగులో పారుకుంటోంది. పేడ పరీక్ష చేయిస్తే చీటీలో ‘టాక్సోకారియాసిస్’ అని రాసిచ్చారు. మందుల షాపులో అడిగితే ‘ఆస్కారియాసిస్’ అన్నారు. ఫోన్‌లో వెతికితే కుక్కల నుంచి పిల్లలకు వచ్చే జబ్బు అని చూపిస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. తల్లి పాలవల్లే వచ్చిందని, పాలు మాన్పించమని చుట్టుపక్కల వాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఒక్క మాట. దూడకు పాలు మాన్పించకండి. మిగతావి నిదానంగా చెబుతాను.

ఇలాంటి పేర్లలో చివర వచ్చే ‘యాసిస్’ అంటే ఫలానా దానివల్ల కలిగిన జబ్బు అని. ముందున్నది పురుగు పేరు. టాక్సోకారా అనే ఏలికపాము వల్ల వచ్చింది కాబట్టి టాక్సోకారియాసిస్. మీ దూడ పేగుల్లో ఉన్నదాని పూర్తి పేరు టాక్సోకారా విటులోరమ్. విటులోరమ్ అంటే లాటిన్‌లో ‘దూడలది’ అని అర్థం. దీన్నే పూర్వం నియోఆస్కారిస్ అనేవారు. షాపులో వినిపించిన ‘ఆస్కారియాసిస్’ ఆ పాత పేరు తాలూకు వాడుకే. కొన్ని చీటీల్లో ‘టాక్సోకారోసిస్’ అని కూడా ఉంటుంది. పశువుల పరాన్నజీవి జబ్బులన్నిటికీ చివర ‘ఓసిస్’ అనే వాడదామని 1988లో శాస్త్రవేత్తలు ఒక పద్ధతి పెట్టారు, కానీ పాత అలవాటూ నడుస్తూనే ఉంది. మూడు పేర్లు విన్నంత మాత్రాన మూడు రోగాలు కావు.

ఒక్కోసారి చీటీలో ‘హెల్మింథియాసిస్’ అని మాత్రమే రాస్తారు. అది అన్నిరకాల నట్టలకూ కలిపి పెట్టిన పేరు. ఏలికపాములు, బద్దెపురుగులు, కార్జపు జలగలు అన్నీ అందులోకే వస్తాయి. అలా రాసి ఉంటే ‘ఏ రకం నట్టలు సార్?’ అని తప్పకుండా అడగండి. ఎందుకంటే ఏలికపాములకు పనిచేసే పైపరజిన్ జలగలను గానీ బద్దెపురుగులను గానీ ఏమీ చేయదు. ఇక ‘కాక్సిడియోసిస్’ అని ఉంటే అది అసలు నట్టల జబ్బే కాదు. కంటికి కనపడని ఏకకణ జీవి వల్ల వస్తుంది, పారుడులో రక్తం, జిగురు పడతాయి. దానికి నట్టల మందు ఎంత తాగించినా దండగ. మందులే వేరు.

ఇప్పుడు మీ దూడ సంగతి. ఈ పురుగు పెరిగితే పెన్సిలంత లావు, స్కేలంత పొడవు ఉంటుంది. తెల్లగా, కాస్త గులాబీ ఛాయలో, రెండు చివరలా సన్నగా ఉంటుంది. చిన్న దూడ పేగులో అలాంటివి పదుల సంఖ్యలో ఉండలు కట్టుకుని ఉంటే తాగిన పాలు ఒంటికి ఎలా పడతాయి? దూడ మూతి దగ్గర వాసన చూడండి. చెడిన వెన్నలాంటి పుల్లటి వాసన వస్తుంటే పురుగులు బాగానే ఉన్నాయని లెక్క. కొన్ని దూడల్లో పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆలస్యం వద్దంటున్నాను.

పాలవల్ల వచ్చిందన్న మాట నిజమే. కానీ తప్పు పాలది కాదు. పాకలో, కట్టేసిన చోట పడిన ఈ పురుగు గుడ్లను పెద్ద గేదె మేతతోపాటు మింగుతుంది. వాటిలోని పిల్లపురుగులు గేదె కండరాల్లో, కాలేయంలో కదలకుండా పడి ఉంటాయి. ఈనే సమయానికి మేల్కొని పొదుగుకు చేరి, మొదటి రెండు మూడు వారాల పాలలో దూడ కడుపులోకి వెళతాయి. దూడకు మూడు వారాలు నిండేసరికి పెద్దవై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పేడతో మళ్లీ నేలమీదికి, అక్కడి నుంచి మళ్లీ తల్లికి. ఇదీ దాని తిరుగుడు. పాలు మాన్పిస్తే దూడ నీరసించి ఇంకో రోగంతో పోతుంది. అందులోనూ పుట్టిన గంట రెండు గంటల్లో పట్టాల్సిన జున్నుపాలు ఆపడమంటే రోగనిరోధక శక్తిని చేజేతులా పారబోసుకోవడమే.

తల్లికి మందు వేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. కండరాల్లో దాక్కున్న పిల్లపురుగులను మామూలు నట్టల మందులు నమ్మకంగా చంపలేవు. మందు పడాల్సింది దూడకు, అదీ సరైన రోజున. పుట్టిన 10వ రోజుకూ 16వ రోజుకూ మధ్య పైపరజిన్ గానీ పైరాంటెల్ గానీ ఒక మోతాదు పడితే, గుడ్లు పెట్టకముందే పురుగులు పోతాయి. మీ పాక నేల కూడా శుభ్రంగా ఉంటుంది, వచ్చే ఏడు పుట్టే దూడకూ మేలు. మీ దూడకు ఆ రోజులు దాటిపోయాయి, అయినా ఇప్పుడు వేయాల్సిందే. మోతాదు దూడ బరువును బట్టి, సీసాలో మందు గాఢతను బట్టి మారుతుంది. పక్కింటి వాళ్లు ఎన్ని మిల్లీలీటర్లు పట్టారో చూసి పట్టకండి, మీ పశువైద్యులతోనే రాయించుకోండి. దూడ కళ్లు లోతుకు పోయి, చర్మం లాగి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళుతుంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. ముందు సెలైన్ గానీ ఓఆర్ఎస్ గానీ ఇప్పించి తేరుకున్నాక మందు వేయించండి. ఫిబ్రవరిలో బడి పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్లలు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని దూడకు అంచనాగా వేయడం మాత్రం వద్దు.

పిల్లల గురించి మీ భయం నాకు అర్థమైంది. మీరు ఫోన్‌లో చూసింది టాక్సోకారా కానిస్, అది కుక్కలది. ఇంటిపేరు ఒకటే, పురుగు వేరు. దూడల పురుగు మనుషులకు రావడం చాలా అరుదు. అయినా పిల్లలు పేడ, మట్టి తాకిన చేతులతో అన్నం తినకుండా చూసుకోండి. ఇంట్లో కుక్క ఉంటే దానికీ నట్టల మందు వేయించండి.

దూడ పేడను రోజూ ఎత్తి ఎరువుగుంతలో వేసి మాగనివ్వండి. ఈ గుడ్ల పెంకు చాలా మందం, నీడలో, తడిలో నెలల తరబడి బతుకుతాయి. ఎండ తగిలిన పొడినేల వాటికి పడదు. దూడను కట్టే చోటుకు కాస్త ఎండ వచ్చేలా చూడండి.

మందు వేసిన రెండు వారాలకు మళ్లీ పేడ పరీక్ష చేయించండి. దూడ అప్పుడే వేసిన పేడలోంచి, నేలకు అంటుకోని పైభాగం నుంచి నిమ్మకాయంత తీసి, శుభ్రమైన మూత డబ్బాలో పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. డబ్బా మీద దూడ వయసు, మందు వేసిన తేదీ రాయడం మరచిపోవద్దు.