ఒకే గొడవకి రెండు కేసులా?

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. 2021లో బండి పార్కింగ్ దగ్గర మా తమ్ముడికీ పక్కింటాయనకీ గొడవైంది. కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని మా తమ్ముడి మీద కేసు పెట్టారు. మూడేళ్లకు పైగా నాంపల్లి కోర్టు చుట్టూ తిరిగాక కేసు కొట్టేశారు. ఇప్పుడు ఆయనే, ఆ రోజు చంపుతానని కూడా బెదిరించాడని, తన స్కూటర్ అద్దాలు పగలగొట్టాడని కొత్తగా కంప్లయింట్ ఇచ్చాడట. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకి నిద్ర పట్టడం లేదండీ. ఇలా మళ్లీ కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని చివరి పేజీ చదవండి. మనం అన్నిటికీ 'కేసు కొట్టేశారు' అనే అంటాం గానీ, సాక్షుల్ని విచారించి నిర్దోషి అని విడిచిపెట్టడం వేరు, విచారణ మొదలవకముందే, ఆధారాలు చాలవని డిశ్చార్జ్ చేయడం (కేసు నుంచి తప్పించడం) వేరు. డిశ్చార్జ్ అయితే నేను కింద చెప్పే రక్షణ ఉండదు. రాజీకి వీలున్న సెక్షన్ల కింద రాజీ పడి ముగిసిన కేసైతే మాత్రం అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. మూడేళ్లు తిరిగారంటే మీది నిర్దోషి తీర్పే అయి ఉంటుందనుకుంటున్నాను.

ఇలాంటప్పుడు అందరూ, ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించకూడదనే రాజ్యాంగం 20(2) అధికరణం పేరు చెబుతారు. అది ఒకసారి శిక్ష పడినవాళ్లకి. మీ తమ్ముడికి శిక్షే పడలేదు కదా, ఆయనకి పనికొచ్చేది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 300వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో అదే 337. నిర్దోషిగా బయటపడ్డవాళ్లని కూడా అదే నేరానికి మళ్లీ విచారించకూడదని అందులో ఉంది.

బెదిరింపు, అద్దాలు పగలగొట్టడం వేరే నేరాలు కదా అని అవతలివాళ్లు వాదిస్తారు. నిజమే, కానీ అన్నీ ఒకే గొడవలో జరిగాయి, కాబట్టి మొదటి విచారణలోనే వాటికీ అభియోగం పెట్టే వీలుంది. మన చట్టం అలా కలిపి తీరాలని బలవంతం చేయదు, కానీ అప్పుడు వదిలేసి ఇప్పుడు విచారణ జరపాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఈ మాట చాలామందికి తెలియదు, తెలియక కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, నాకు బాధ కలిగించేది అదే. ఒక ఆరోపణని జేబులో దాచుకుని, మొదటి కేసు పోయాక బయటికి తీయడం అన్యాయం.

పైగా ఒకే ఘటనకి రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదని టీ.టీ. ఆంటొనీ కేసులో సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఎఫ్‌ఐఆర్ కట్టేస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద దాన్ని కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయండి.

ఒక్క జాగ్రత్త. పక్కింటాయన తీర్పు మీద అప్పీలు వేస్తే అది రెండో కేసు కిందికి రాదు, ఆ హక్కు బాధితుడిగా ఆయనకుంది.

స్టేషన్ నుంచి మళ్లీ ఫోనొస్తే మర్యాదగా రాతపూర్వక నోటీసు అడగండి. నోటీసొస్తే వెళ్లకుండా ఉండొద్దు. పాత ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీట్, తీర్పు జిరాక్స్‌లు ఒక లేఖతో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి.