తత్కాల్ పదింటికే తెరుస్తారు మరి!

ప్రశ్న: గవర్నరుపేటలో మాది చిన్న ఆడిటింగ్ ఆఫీసు. స్టాఫ్ తొమ్మిది మంది. పొద్దున పది కొట్టేసరికి ఒకరు రైలు టికెట్టు, ఇంకొకరు తిరుమల దర్శనం. మధ్యాహ్నమైతే చీరలు. యూట్యూబ్ బ్లాక్ చేయిస్తే ఫోన్లు పట్టుకుని మెట్ల మీదికి పోతున్నారు. జీతం నాది, నెట్ నాది. వీళ్లకిదేం రోగమమ్మా?
– ఒక యజమాని, విజయవాడ

జవాబు: రోగం సంగతి తర్వాత, ముందు గడియారం చూడండి బాబూ. ఏసీ తత్కాల్ పదింటికి, స్లీపరు పదకొండింటికి తెరుస్తారు. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలేదీ పొద్దున పదింటికే. మీ ఆఫీసూ అప్పుడేగా తెరిచేది! ఐదు నిమిషాలు ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టే. మరి మీ స్టాఫ్ ఇంకే వేళకి బుక్ చేసుకోవాలి?

నేను 1983లో బ్యాంకులో చేరాను. నెట్ లేదు కాబట్టి తలవంచుకుని లెడ్జర్లు రాసేశామనుకునేరు! కరెంటు బిల్లుకి గంట పర్మిషన్. రిజర్వేషన్‌కి స్టేషన్లో క్యూ అంటే పూటంతా పోయేది. వెళ్లినవాడి కౌంటరు మేం చూసుకునేవాళ్లం, మర్నాడు మాకోసం వాడు. మా హెడ్ క్యాషియరుగారైతే పేపర్లో టెండరు నోటీసులు కూడా వదిలేవారు కాదు. మేనేజరుగారి కంటికి ఇవేవీ ఆనేవి కావు. మీకేమో ఎదురుగా స్క్రీన్ మీదే కనబడుతోంది, అందుకే కడుపు మంట.

ఇక చీరలు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయాలి కదా, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. గడువు రోజున పోర్టల్ ఎలా మొరాయిస్తుందో మీకు నేను చెప్పాలా? గిర్రున తిరిగే ఆ చక్రాన్ని చూస్తూ చేతులు కట్టుకుని ఎవరు కూర్చుంటారు? పక్కన ఇంకో ట్యాబ్ తెరుస్తారు. కొనేది తక్కువ, చూసేదే ఎక్కువ. నేనూ అంతే లెండి.

బద్ధకం లేదనను. కానీ నాలుగింటికి పని తెమిలినా ఆరు దాకా కుర్చీలో కనబడాలంటే, ఆ రెండు గంటలూ ఏదోటి చూడక ఏం చేస్తారు? రాత్రి తొమ్మిదింటికి ‘ఆ చలానా కట్టావా’ అని వాట్సాప్ పెట్టేది మీరు కాదూ? మా అబ్బాయీ ఆడిటరే, రోజూ చూస్తున్నాను.

ఆ బ్లాక్ తీసేయించండి. తత్కాల్ వేళ పది నిమిషాలు చూసీ చూడనట్టు ఊరుకోండి. పొద్దస్తమానం రీల్స్ చూసేవాడు ఒకడుంటాడు. వాడి స్క్రీన్‌తో మీకెందుకు, పెండింగ్ ఫైళ్లు లెక్కపెట్టి విడిగా పిలిచి అడగండి. అందరి ముందూ వద్దు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. క్లయింట్ల పాన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న కంప్యూటర్లో ఊరూపేరూ తెలియని లింకులు నొక్కడం, ఫైళ్లు దింపడం కుదరదనండి. సొంత పనులు సొంత ఫోన్లోనే. అన్నట్టు, క్లయింట్ల డిజిటల్ సంతకాలుండే యూఎస్‌బీ డాంగిళ్లు ఇప్పుడు ఎవరి డ్రాయర్లో ఉన్నాయి? తాళం ఉందా దానికి?