ఆ చెయ్యిని దుప్పటి కింద దాచకండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 56 ఏళ్లు. పద్నాలుగు నెలల క్రితం మావారికి పక్షవాతం వచ్చి కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. మాటా పోయింది. ఏం అడిగినా ‘వద్దు’ అన్న ఒక్క మాటే వస్తుంది. స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూస్తాను. నా బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కంగారు పడతాడని అంతా బాగుందనే చెబుతాను. వీడియో కాల్‌కు ముందు ఈయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, కుడి చెయ్యి దుప్పటి కింద పెడతాను. ఈయన ఎడమ చేత్తో దాన్ని బయటికి లాగేస్తారు. మొన్న విసుగొచ్చి గట్టిగా అరిచాను. రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మనిషిని పెట్టుకుంటే భర్తకు చేసుకోలేకపోయిందని ఆడపడుచులు అంటారు. పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోండమ్మా, రేపే పెట్టుకోండి. మాట అనేవాళ్లను ఒక పది రోజులు వచ్చి చేసి వెళ్లమనండి. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

నాకు బాధ కలిగించింది మీ అబ్బాయి విషయం. తండ్రి మంచాన పడితే కొడుకు కంగారు పడాలి. ఆ కంగారు కూడా అతనికి లేకుండా మీరే మోస్తున్నారు. పద్నాలుగు నెలలుగా ‘అంతా బాగుంది’ అని వింటున్నవాడు సెలవు పెట్టి ఎందుకు వస్తాడు? తప్పు అతనిదని అనలేను. అతనికి నిజం చెప్పినవాళ్లెవరు?

మెదడుకు ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి పక్క పడిపోతుంది. మాట కూడా చాలామందికి అటువైపే ఉంటుంది. మాట పోయిందంటే అర్థం చేసుకునే శక్తి అంతా పోయినట్టు కాదు. కావాలని ఉన్నా నోటికి ‘వద్దు’ అనే రావచ్చు. కాబట్టి ఆ మాటను మీ మీద కోపమని అనుకోకండి. చెయ్యి బయటికి లాగడం మాత్రం వేరు. తన స్థితి కొడుకు చూడాలని ఆయన అడుగుతున్నారనే నాకు అనిపిస్తోంది.

ఈసారి అన్నం వేళకు ఫోను చేయండి. ముద్ద పెట్టడం, మింగేదాకా ఆగడం, పెదవి పక్కన కారింది తుడవడం, మళ్లీ ముద్ద పెట్టడం, అన్నీ అబ్బాయి చూడాలి. నెలకోసారి వచ్చి నాలుగు రోజులు ఉండమనండి. మనిషి జీతం ఇమ్మనండి, కానీ డబ్బుతో సరిపెట్టనివ్వకండి. ఫిజియోథెరపీకి, మాట నేర్పే స్పీచ్ థెరపీకి దగ్గరుండి తీసుకెళ్లమనండి. మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉందని అతనూ నేర్చుకోవాలి. తల్లిదండ్రులను చూసుకోవడం పిల్లల బాధ్యత అంటూ 2007లో చట్టమే చేశారు. మీకు ఆ చట్టంతో పని పడదు, నోరు తెరిచి అడిగితే చాలు.

అరిచినందుకు కుమిలిపోకండి. పక్కన కూర్చుని ‘అలిసిపోయానండీ’ అని ఆయనతోనే చెప్పండి. ఆయన దిగులుగా ఉంటున్నా, ఊరికే ఏడుస్తున్నా డాక్టరుకు చెప్పండి, పక్షవాతం తర్వాత అది మామూలే, మందులున్నాయి. మీకు ఏడుపు ఆగకపోతే 14416కు ఫోను చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, డబ్బేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ బీపీ మాత్రలు ఆయన మందుల డబ్బాలోనే పెట్టి, ఆయనకు వేసేటప్పుడే వేసుకోండి. బీపీ అదుపు తప్పితే మీకూ పక్షవాతం రావచ్చు. ఈ ఆదివారం కాల్‌కు ఆ దుప్పటి మడిచి బీరువాలో పెట్టేయండి.