ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందా? పెద్దది వేయకండి

ప్రశ్న: ఇన్‌స్టంట్ గీజరు నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ వేస్తే పావుగంటకో ఇరవై నిమిషాలకో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే బోర్డులోని స్విచ్) ట్రిప్ అవుతోంది. దాని మీద సీ16, 240/415, చిన్న డబ్బాలో 6000 అని ఉన్నాయి. 32 ఆంప్స్‌ది వేస్తే గొడవే ఉండదంటున్నాడు ఎలక్ట్రీషియన్. వేయించమంటారా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. ఎంసీబీ పడటం ఆగిపోతుంది, నిజమే. కానీ గోడలో వైరు కాలడం మొదలవుతుంది. ఎంసీబీ గీజరు కోసమని చాలామంది అనుకుంటారు. అది కాపలా కాసేది వైరుకి.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. మీ గీజరు 3000 వాట్లదైతే, 230తో భాగిస్తే 13 ఆంప్స్. స్టవ్ 2000 వాట్లు, అంటే 8.7. రెండూ కలిపి దాదాపు 22. ఎంసీబీ చూస్తే 16ది. మరి వేసిన వెంటనే ఎందుకు పడట్లేదు? లోపల రెండు రకాల లోహాలు అతికించిన సన్నటి పట్టీ ఉంటుంది. లోడు ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి, వంగి, మీటను విడిపిస్తుంది. రేటింగుకు 1.13 రెట్ల కరెంటును గంటసేపు ఓర్చుకోవాలి, 1.45 రెట్లయితే గంటలోపు పడిపోవాలి అన్నది ప్రమాణం. మీ లోడు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అందుకే ఆ పావుగంట. అదే 32ది వేస్తే 36 ఆంప్స్ గంటసేపు పారినా కదలదు. ఆ పాయింటుకు లాగింది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాన్ని 16 దాటనివ్వకూడదు. ఇక మీరే ఆలోచించండి.

16 ముందున్న 'సీ' షార్ట్ సర్క్యూట్ సంగతి చెబుతుంది. రేటింగుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80–160 ఆంప్స్ ఒక్కసారిగా వస్తే లోపలి అయస్కాంతం క్షణంలో తెంచేస్తుంది. స్విచ్ వేయగానే టప్పున పడితే షార్ట్, కాసేపాగి పడితే ఓవర్‌లోడ్ అని గుర్తుపట్టొచ్చు. డబ్బాలోని 6000 ఆంప్స్, షార్ట్ అయినప్పుడు ఎంసీబీ పేలిపోకుండా తెంచగలిగే గరిష్ఠ కరెంటు.

240/415 వోల్టేజీ హద్దు: ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 240, రెండు ఫేజుల మధ్య 415. వోల్టేజీ పెరిగితే ఎంసీబీయే ఆపేస్తుందనుకుని టీవీలు కాల్చుకున్నవాళ్లున్నారు. అది దాని పని కాదు. షాకు నుంచి కాపాడటమూ దాని పని కాదు, దానికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) వేరే ఉండాలి.

మీరు చేయించాల్సింది: డీబీ (ఎంసీబీలుండే బోర్డు) నుంచి గీజరుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి, దానికో సొంత సీ16 పెట్టించండి. స్టవ్ పాత లైను మీదే ఉండనివ్వండి.

అన్నట్టు, తీసేసిన ఏసీ (మన ఇంటి కరెంటు రకం) ఎంసీబీలను మేడ మీద సోలార్ ప్యానెళ్ల లైనుకు వాడేస్తుంటారు కొందరు. మన ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకొస్తుంది కాబట్టి తెగేచోట పుట్టిన నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు; అందులో ఆ సున్నా లేదు, రవ్వ మండుతూనే ఉంటుంది. అక్కడ డీసీ అని రాసి ఉన్నదే, ప్యానెళ్ల మొత్తం వోల్టేజీకి తగ్గది కొనాలి.