మినీ ట్రాక్టర్‌తో బెండలో పైపాటు చేయాలంటే సాళ్ల ఎడం ఎంత పెట్టాలి?

కొత్తగా మినీ ట్రాక్టర్ కొన్నామని, బెండలో పైపాటుకు (సాళ్ల నడుమ కలుపు తీసి నేల గుల్లచేసే పనికి) దిగితే టైర్లు మొక్కల మీదికి ఎక్కుతున్నాయని, సాలుకీ సాలుకీ ఎంత ఎడం పెట్టాలో చెప్పమని అడిగారు. ఎడం సంగతి తర్వాత చూద్దాం, ముందు టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్లండి. వెనక ఒక టైరు నడిమధ్య నుంచి రెండో టైరు నడిమధ్యకు ఎన్ని అంగుళాలో కొలవండి. మొదటి ఏడాది నేను ఈ ఒక్క పని చేయకుండానే విత్తనం పెట్టించేశాను.

అప్పుడు నా బండికి ఆ కొలత 32 అంగుళాలు, సాళ్లు 18 అంగుళాలు (45 సెంటీమీటర్లు), టైరు వెడల్పు 8 అంగుళాలు. రెండు సాళ్లను మధ్యలో పెట్టుకుని తోలితే టైరు లోపలి అంచుకీ మొక్కకీ నడుమ మిగిలింది మూడే అంగుళాలు. స్టీరింగ్ కాస్త కదిలితే చాలు, వరసగా నాలుగైదు మొక్కలు పోయేవి. పెరిగిన పంటను అలా నలిపేసుకుంటుంటే చాలా బాధేసింది.

లెక్క సులువే. రెండు సాళ్లు టైర్ల మధ్య ఉండాలంటే చక్రాల దూరం సాలు ఎడానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి, అంటే 18కి 36. అప్పుడు టైరుకు అటు ఐదు, ఇటు ఐదు అంగుళాలు మిగులుతాయి. దీంతో ఇంకో లాభం కూడా ఉంది, అచ్చు తోలేటప్పుడు (విత్తేందుకు సాళ్ల గీతలు గీసేటప్పుడు) వెనక్కి తిరిగి వచ్చే పట్టుకు, అంటే బండి మళ్లీ పొలం పొడవునా వచ్చేటప్పుడు, ఒక టైరును పాత టైరు జాడలోనే నడిపిస్తే చాలు, సాళ్లు వాటంతటవే 18 అంగుళాలకు పడతాయి, తాడు పట్టే పని ఉండదు. కాకపోతే ఏ రెండు సాళ్లు ఒకే పట్టులో పడ్డాయో పైపాటు కూడా ఆ రెంటికే చేయాలి. పక్క పట్టు సాలుతో కలిపి తోలితే, అచ్చు వేసినప్పటి వంకరంతా మొక్కల మీద పడుతుంది.

చాలా బండ్లకు రిమ్ము, డిస్కు విడివిడిగా బోల్టులతో ఉంటాయి కాబట్టి వాటిని మార్చి బిగిస్తే దూరం మారుతుంది. కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి వేసినా మారుతుంది. ఉన్న వైపే చక్రాన్ని తిప్పి బిగిస్తే మాత్రం టైరు గాట్లు వెనక్కి తిరిగి నేల మీద టైరు పట్టు తగ్గుతుంది, అలా చేయకండి. చదును నేల మీద, జాకీతో పాటు గట్టి దిమ్మెలు పెట్టే విప్పండి. రెండు మూడు గంటలు పొలంలో నడిపాక బోల్టులు మళ్లీ బిగించండి. ముందు చక్రాలు రెండంగుళాలు లోపలికున్నా పర్వాలేదు, ఆ టైర్లు సన్నం.

పైపాటు పరికరానికి పళ్లు మూడు చాలు: సాళ్ల నడుమ పది అంగుళాల బ్లేడు ఒకటి, టైరు తొక్కి గట్టిపడిన నేల గుల్లబారేలా ఒక్కో టైరు వెనక ఒక్కోటి. లింకేజీ గొలుసులు (వెనక తగిలించిన పరికరం అటూ ఇటూ ఊగకుండా ఆపేవి) బిగించి ఉంచండి, లేకపోతే టైరు సరిగ్గా పోయినా పన్ను మొక్కను లేపేస్తుంది.

కర్రలు పాతి తీగ కట్టే టమాటాకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ బండి సాళ్ల మీదుగా పోలేదు, రెండు సాళ్ల నడుమ నుంచే పోవాలి. నా బండి బయటి అంచు నుంచి బయటి అంచుకు 44 అంగుళాలు, కాబట్టి ఐదడుగుల ఎడం పెట్టుకున్నాను.

బెండలో కూడా మొక్క బండి కింది భాగానికి తగిలేదాకానే పైపాటు, ఆ ఎత్తు కూడా ఇప్పుడే కొలిచి పెట్టుకోండి. విత్తే ముందు కళ్లంలో 18 అంగుళాలకు ఒకటి చొప్పున ముగ్గుతో గీతలు గీసి, వాటి మీదుగా ఒకసారి తోలి చూడండి.